డయాలసిస్ యూనిట్‌లో డ్యూటీ చేస్తూ పీజీ ప్రాజెక్టు: ఏం తీసుకోవాలి, ఎలా చేయాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. విజయవాడలో ఒక ప్రైవేటు ఆసుపత్రి డయాలసిస్ యూనిట్‌లో స్టాఫ్ నర్సుగా చేస్తూ పీజీ చదువుతున్నారు. ఆఖరి ఏడాది ప్రాజెక్టు పనిచేసే చోటే చేయమన్నారు. గైడ్ మేడమ్ ఏమో నీళ్లు, ఉప్పు విషయంలో పేషెంట్ల అవగాహన మీద ఒక ప్రశ్నాపత్రం పెట్టి వంద మంది దగ్గర నింపించుకుంటే అయిపోతుంది అంటున్నారు. మీకు అది చేయబుద్ధి కావడం లేదు, వేరే ఏం చేయాలో తోచడం లేదు, మేనేజ్‌మెంట్ ఒప్పుకుంటుందో లేదో అని టెన్షన్ ఒకటి. గుంటూరు, విజయవాడ కాలేజీల్లో పీజీ పిల్లల ప్రాజెక్టులు చాలా ఏళ్లుగా చూస్తున్నాను కాబట్టి వివరంగానే చెప్తాను, కాస్త ఓపిగ్గా చదవండి.

టాపిక్ రాసుకునే ముందు ఒక కాగితం మీద ఈ ప్రశ్నకు జవాబు రాయండి: ఈ ప్రాజెక్టులో వచ్చిన ఫలితాన్ని మా యూనిట్‌లో ఎవరు వాడతారు, వాడి ఏం మారుస్తారు? 'ఆసుపత్రికి ఉపయోగపడుతుంది', 'ముందు ముందు పరిశోధన చేసేవాళ్లకు దారి చూపిస్తుంది' లాంటి జవాబులు చెల్లవు. మా ఇన్‌చార్జ్ సిస్టర్ వాడతారు, పొద్దున షిఫ్ట్‌లో మెషిన్ సెట్ చేసే టెక్నీషియన్ వాడతాడు, రౌండ్స్‌కి వచ్చే నెఫ్రాలజిస్ట్ (కిడ్నీ డాక్టర్) సార్ వాడతారు అని మనిషిని చూపించగలగాలి. అలా చూపించలేకపోతే అది మీరు పనిచేసే చోట జరిగిన సర్వే అవుతుంది కానీ, ఆ చోటు కోసం చేసిన పరిశోధన కాదు. పని చోట చేసే ప్రాజెక్టు అంటే నా దృష్టిలో తేడా అంతా ఇక్కడే ఉంది. టాపిక్, అనుమతులు, లెక్కలు అన్నీ ఆ మనిషిని బట్టే తేలతాయి.

ఇప్పుడు ఆ అవగాహన సర్వే సంగతి. మీ పేషెంట్లలో ఎవరినైనా అడిగి చూడండి, 'నీళ్లు ఎక్కువ తాగకూడదమ్మా, ఉప్పు తగ్గించాలి, పచ్చళ్లు వద్దన్నారు' అని ఠక్కున చెప్తారు. రెండు మూడేళ్లుగా వారానికి మూడుసార్లు వస్తున్నవాళ్లకు ఆ మాటలు మనకంటే బాగా వచ్చు. వాళ్లకు క్లాసు చెప్పి, ముందు ఇన్ని మార్కులు వచ్చాయి, తర్వాత ఇన్ని వచ్చాయి, పీ వాల్యూ (తేడా యాదృచ్ఛికం కాదని చూపే లెక్క) బాగుంది అని రాస్తే డిగ్రీ వస్తుందేమో గానీ, సోమవారం పొద్దున నాలుగు కిలోలు ఎక్కువ బరువుతో, ఆయాసంతో వచ్చే మనిషికి ఒరిగేదేమీ లేదు. నర్సింగ్ పీజీల్లో ఈ 'టీచింగ్ ప్రోగ్రామ్ ప్రభావం' టాపిక్ ఏటా ఎన్నో వస్తుంటాయి, అందులో మార్కులు పెరగని ప్రాజెక్టు నేను చూడలేదు. క్లాసు చెప్పిన వెంటనే అదే ప్రశ్న అడిగితే ఎవరైనా చెప్తారు కదా.

మీ దగ్గర దానికంటే ఎంతో విలువైన సమాచారం రోజూ పుడుతోంది, అదే బరువు. రెండు సెషన్ల మధ్య పేషెంట్ ఎంత బరువు పెరిగాడన్నది మీరు ప్రతిసారీ రాస్తూనే ఉన్నారు. దాని అర్థం ఎంత పెద్దదో ఒక లెక్కలో చూపిస్తాను. డ్రై వెయిట్ (ఒంట్లో అదనపు నీరు లేనప్పుడు ఉండాల్సిన బరువు) 50 కిలోలున్న పేషెంట్ 53.5 కిలోలతో వచ్చాడనుకుందాం. మూడున్నర లీటర్లు నాలుగు గంటల్లో తీయాలంటే గంటకు, కిలోకు 17.5 మిల్లీలీటర్లు అవుతుంది. గంటకు, కిలోకు 13 మిల్లీలీటర్లు దాటితే గుండె మీద భారం పడుతుందని, చావు ముప్పు కూడా ఎక్కువగా కనిపిస్తోందని అధ్యయనాలు చెప్తున్నాయి. ఈ పేషెంట్‌కు ఆ లెక్కన నాలుగు గంటల్లో తీయదగింది 2.6 లీటర్లే. మిగతా 900 మిల్లీలీటర్లు తీస్తే బీపీ పడిపోవడం, కాళ్లు పట్టేయడం. తీయకపోతే ఆయాసంతో ఇంటికి వెళ్లడం. పైగా వారానికి మూడుసార్లు చేయించుకునేవాళ్లకు ఒకసారి రెండు రోజుల గ్యాప్ తప్పదు, ఆ గ్యాప్ తర్వాతి రోజునే మరణాలు, అడ్మిషన్లు ఎక్కువని 2011లో అమెరికాలో వచ్చిన పెద్ద అధ్యయనం తేల్చింది. కాబట్టి మీ ప్రాజెక్టు కొలవాల్సింది మార్కులను కాదు, ఈ కిలోలను. మన ఎన్టీఆర్ జిల్లాలో ఎ.కొండూరు వైపు కిడ్నీ జబ్బు ఎంతమందిని కుంగదీసిందో మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. అంత దూరం నుంచి, అంత ఖర్చుతో వచ్చేవాళ్లకు ఒక్క లీటరు తగ్గినా ఎంతో మేలు.

అయితే ఒక్కటి. ఆ రిజిస్టర్‌ని నమ్మే ముందు ఒక వారం పాటు తూకం మిషన్ పక్కన నిలబడి ఊరికే చూడండి. ఒకాయన చెప్పులతో ఎక్కుతాడు, ఇంకొకాయన చొక్కా జేబులో ఫోను, నడుముకి డబ్బు సంచి. ఒక పెద్దావిడ వీల్‌చైర్‌లో వస్తుంది, కుర్చీ బరువు ఎంతో ఎప్పుడో ఎవరో చెప్పిన అంకె తీసేస్తారు. ఇవన్నీ ఒక ఎత్తు, డయాలసిస్ అయ్యాక రాసే బరువు ఒక ఎత్తు. పేషెంట్‌కి లేచి నిలబడే ఓపిక ఉండదు, బయట ఆటో ఆగి ఉంటుంది, తర్వాతి షిఫ్ట్ వాళ్లు తలుపు దగ్గర ఉంటారు. అప్పుడు ఏం చేస్తారు? వచ్చినప్పటి బరువులోంచి తీసిన నీళ్లు తీసేసి, ఆ అంకె రాసేస్తారు. నేను చూసిన కొన్ని యూనిట్లలో ఇది మామూలు విషయం. మీ రిజిస్టర్‌లో కూడా బరువు తేడా ప్రతిసారీ యూఎఫ్‌కి (మెషిన్ తీసిన నీళ్లకు) సరిగ్గా సమానంగా ఉంటే, అది తూచిన బరువు కాదని అర్థం. మధ్యలో తిన్న ఇడ్లీ, తాగిన టీ, లైన్ కడగడానికి ఎక్కించిన సెలైన్ ఎక్కడికి పోయాయి? అందువల్ల పాత రికార్డుల నుంచి బేస్‌లైన్ (మార్పుకు ముందున్న కొలత) తీసుకుంటే, వచ్చినప్పటి బరువు డ్రై వెయిట్ కంటే ఎంత ఎక్కువుందో దాన్నే వాడండి, డాక్టర్ గారు డ్రై వెయిట్ మార్చిన తేదీలు మాత్రం పక్కన రాసుకోండి. కొత్తగా కొలిచేది మొదలుపెట్టాక తూచే పద్ధతి ఒకటే ఉండాలి: చెప్పులు లేకుండా, జేబులు ఖాళీ, అదే మిషన్, వీల్‌చైర్ అయితే కుర్చీని ఆ రోజే విడిగా తూచాలి. నిజం చెప్పాలంటే, తూకం సరిచేయడమే ఒక మంచి ప్రాజెక్టు. మీకు సమయం ఆరు నెలల కంటే తక్కువ ఉంటే అదొక్కటే చేయండి, దాన్ని వాడే మనిషి కూడా మీ కళ్లముందే ఉన్నాడు, మెషిన్‌లో యూఎఫ్ పెట్టే టెక్నీషియన్.

సమయం ఉంటే మార్పు దగ్గరికి రండి. మార్పు ఒక్కటే ఉండాలి, చిన్నదిగా ఉండాలి, మీరు సెలవులో ఉన్నా నడవాలి. నేనైతే నీళ్ల గురించి మాట్లాడటం తగ్గించి ఉప్పు మీద పడతాను. లీటరు నార్మల్ సెలైన్‌లో ఉప్పు 9 గ్రాములు, ఈ సంగతి మీకు తెలుసు. మూత్రం రాని మనిషి ఒంట్లోకి అదనంగా అంత ఉప్పు వెళ్తే, దాదాపు లీటరు నీళ్లు పడేదాకా దాహం ఆగదు. అలాంటివాడికి నీళ్లు తాగొద్దని చెప్పి ఏం లాభం? అదీ విజయవాడ ఎండల్లో, రోహిణి కార్తెలో! ఉప్పు ఎక్కడినుంచి వస్తోందో తెలియాలంటే పేషెంట్‌ని కాదు, ఇంట్లో వంట చేసేవాళ్లని అడగాలి. 'ఉప్పు తగ్గించారా?' అంటే అందరూ తగ్గించామండీ అంటారు. 'కిలో ఉప్పు ప్యాకెట్ ఎన్నాళ్లు వస్తుంది, ఇంట్లో ఎంతమంది తింటారు?' అని అడగండి. ఐదుగురికి నెల రోజులు వస్తే మనిషికి రోజుకు ఆరున్నర గ్రాములు దాటినట్టే, ఆవకాయ, అప్పడాలు, బయట టిఫిన్లు, మజ్జిగలో వేసుకునేది ఇంకా లెక్కలోకి రాలేదు. పెద్దవాళ్లందరికీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేదే రోజుకు 5 గ్రాముల లోపు. ఇలా ఎనిమిది పది కుటుంబాలతో తీరిగ్గా మాట్లాడితే ఏ మార్పు పనికొస్తుందో మీకే తెలుస్తుంది. పేషెంట్ వంతు ఉప్పును పొద్దున్నే చిన్న డబ్బాలో విడిగా తీసిపెట్టి, కూర చప్పగా వండి ఆయన కంచంలోనే కలుపుకోమనడం ఒక పద్ధతి. ప్రతి సెషన్‌లో పెరిగిన బరువును ఒక కార్డు మీద గీత గీసి ఇంటికి పంపడం ఇంకొకటి. రెండూ ఒకేసారి పెట్టకండి, ఏది పనిచేసిందో చెప్పలేరు. ఎంత ఉప్పు అన్నది మీ నెఫ్రాలజిస్ట్, డైటీషియన్ నిర్ణయించాలి. ఇంకో ముఖ్యమైన హెచ్చరిక: షాపుల్లో దొరికే 'లో సోడియం' ఉప్పులో పొటాషియం ఉంటుంది, డయాలసిస్ పేషెంట్‌కి అది ప్రాణం మీదికి తెస్తుంది. మీ కార్డు మీద ఈ మాట పెద్ద అక్షరాలతో ఉండాలి, ఎందుకంటే ఉప్పు తగ్గించమనగానే పిల్లలు ప్రేమగా కొని తెచ్చేది ఆ ప్యాకెట్టే.

కొలతల విషయంలో మిమ్మల్ని వైవాలో పట్టుకునే చోట్లు మూడున్నాయి. మొదటిది, బాగా బరువు పెరిగే పదిమందిని ఏరి వాళ్ల మీదే పని చేయడం. ఎవరైనా మరీ ఎక్కువ పెరిగిన వారం తర్వాత మామూలుగానే కొంత తగ్గుతారు, మీరేమీ చేయకపోయినా తగ్గుతారు, దాన్ని మీ ఖాతాలో వేసుకున్నట్టవుతుంది. యూనిట్‌లో ఉన్న అందరినీ తీసుకోండి. రెండోది, ఏప్రిల్ మే నెలల్లో బేస్‌లైన్ తీసి జులై ఆగస్టుల్లో ఫలితం చూపించడం. వానలు పడ్డాక దాహం తగ్గింది, అందులో మీ కార్డు గొప్పతనం ఎంత? అందుకే కిందటేడు అవే నెలల రిజిస్టర్ కూడా తీసి పక్కన పెట్టండి. మూడోది సాంపిల్ సైజు. ఎగ్జామినర్ '4పీక్యూ బై డీ స్క్వేర్ వేస్తే 400 రావాలి, మీకు 40 మందే ఉన్నారేంటి?' అనొచ్చు. ఆ ఫార్ములా ఒక సమస్య జనంలో ఎంత శాతం ఉందో అంచనా వేయడానికి. మీది ఒక యూనిట్‌లో కాలం గడిచేకొద్దీ వచ్చిన మార్పు. నలభై మంది నెలకు పన్నెండు సార్లు వస్తే 480 బరువులు. కానీ అవి 480 మంది బరువులు కావు, ఒకే మనిషివి మళ్లీ మళ్లీ వస్తున్నాయి కాబట్టి లెక్క వేరేగా చేయాలి, ఇది ముందే స్టాటిస్టిషియన్‌తో కూర్చుని మాట్లాడుకోండి. సింపుల్‌గా చూపించడానికి రన్ చార్ట్ చాలు: వారానికి ఒక చుక్క, మధ్యలో మీడియన్ (మధ్య విలువ) గీత. బేస్‌లైన్‌కి పది పన్నెండు వారాలైనా ఉంటే మంచిది. మార్పు తెచ్చాక వరుసగా ఆరు చుక్కలు గానీ అంతకు మించి గానీ గీతకు ఒకే పక్కన పడితే, అది యాదృచ్ఛికం కాదని చెప్పొచ్చు. ఎక్సెల్‌లో గీయొచ్చు, గ్రాఫ్ కాగితం మీదైనా గీయొచ్చు. దాన్ని యూనిట్ గోడకు అంటించండి, మీ స్టాఫ్ ఆసక్తి అప్పుడు చూడండి. ఈ తరహా పని నేర్చుకోవడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ ఢిల్లీ ఎయిమ్స్‌తో కలిసి తెచ్చిన పీఓసీక్యూఐ (పేషెంట్ దగ్గరే సేవల నాణ్యత మెరుగుపరచడం) మాన్యువల్ తేలిగ్గా ఉంటుంది. రిపోర్టు రాసేటప్పుడు స్క్వైర్ 2.0 చెక్‌లిస్ట్ (ఇలాంటి పనుల రిపోర్టులో ఏమేం ఉండాలో చెప్పే జాబితా) పక్కన పెట్టుకోండి.

యూనిట్‌ని రెండు గ్రూపులు చేసి సగం మందికి కార్డు ఇచ్చి సగం మందికి ఇవ్వకపోతే ఎలా ఉంటుందని కొందరు గైడ్లు అంటారు. వద్దనే నా సలహా. పక్కపక్క బెడ్ల మీద నాలుగు గంటలు పడుకునేవాళ్లు, ఒకే ఆటోలో వచ్చేవాళ్లు, ఒకరి కార్డు ఇంకొకరు చూడకుండా ఉంటారా? ఒకవేళ తప్పనిసరై అలా చేస్తే మాత్రం మొదటి పేషెంట్‌ని చేర్చుకోకముందే సీటీఆర్ఐలో (మన దేశంలో క్లినికల్ ట్రయల్స్ నమోదు చేసే రిజిస్ట్రీలో) రిజిస్టర్ చేయాలి. 2018 ఏప్రిల్ నుంచి ఇదే నియమం, పని మొదలయ్యాక రిజిస్టర్ చేస్తామంటే కుదరదు. ఫీజు ఏమీ లేదు.

ఇక అనుమతులు. ముందు ఆసుపత్రి నుంచి లెటర్, తర్వాత ఎథిక్స్ కమిటీ, ఆ తర్వాతే పని. కమిటీ రోజూ కూర్చోదు, తర్వాతి మీటింగ్ ఎప్పుడో ఈ వారమే కనుక్కోండి. కాలేజీ కమిటీ అయినా ఆసుపత్రి కమిటీ అయినా 2019 నాటి కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ రూల్స్ ప్రకారం కేంద్ర ఆరోగ్య పరిశోధన విభాగంలో రిజిస్టర్ అయి ఉండాలి, ఆ నంబరు అడిగి రాసుకోండి. 'ఇది క్వాలిటీ పనే కదా, కమిటీ ఎందుకు' అనే మాట వినిపిస్తుంది, దాన్ని పట్టించుకోకండి. డిగ్రీ కోసం చేస్తున్నారు, రేపు పేపర్ వేద్దామనుకోవచ్చు, కాబట్టి కమిటీ ముందు పెట్టాల్సిందే. రిస్క్ తక్కువ కాబట్టి మొత్తం కమిటీ కూర్చోకుండానే చూడొచ్చు, పేర్లు తీసేసిన పాత రికార్డులకు విడిగా సమ్మతి అక్కర్లేదని కూడా వాళ్లు చెప్పొచ్చు. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 గైడ్‌లైన్స్‌లో అందుకు వీలుంది. కానీ ఆ మాట చెప్పాల్సింది కమిటీ, మీరూ మీ గైడూ కాదు.

సమ్మతి దగ్గర ఒక్క నిమిషం ఆగండి, నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది ఇదే. మీ పేషెంట్ మీకు కాదని చెప్పలేడు. వారానికి మూడుసార్లు ఆయన ఫిస్టులాలో (డయాలసిస్ కోసం చేతిలో కలిపిన రక్తనాళంలో) సూది గుచ్చేది మీరే. 'సిస్టర్ అడిగింది, సంతకం పెట్టకపోతే ఏమనుకుంటుందో, రేపు నొప్పి పుట్టేలా గుచ్చుతుందేమో' అన్న భయం లోపల ఉంటుంది, మీరెంత మంచివారైనా ఉంటుంది. అందుకని సమ్మతి మీరు అడగకండి. యూనిట్‌లో డ్యూటీ లేని మనిషి, మీ క్లాస్‌మేట్ గానీ సోషల్ వర్కర్ గానీ అడగాలి. మెషిన్ మీద పడుకుని ఉన్నప్పుడు అసలే వద్దు, అప్పుడు లేచి వెళ్లిపోయే వీలు కూడా ఉండదు. ఫారం వాడుక తెలుగులో ఉండాలి, ఇంటికి తీసుకెళ్లి కొడుకుతోనో కోడలితోనో చదివించుకుని మళ్లీ వచ్చినప్పుడు చెప్పొచ్చని అనాలి. చదువు రానివాళ్లకు చదివి వినిపించి, మీ టీమ్‌తో సంబంధం లేని సాక్షి ముందు వేలిముద్ర. ఎవరు ఒప్పుకున్నారు, ఎవరు ఒప్పుకోలేదు అన్నది సమాచారం సేకరించడం అయిపోయేదాకా మీకు తెలియకుండా ఉంటే ఇంకా మంచిది. ఇక రిజిస్టర్ పేజీలు ఫోన్‌లో ఫొటో తీసి వాట్సాప్‌లో గైడ్‌కి పంపే అలవాటు చాలామందికి ఉంది, అది మాత్రం చేయకండి. పేరుకు బదులు కోడ్ నంబరు, ఏ నంబరు ఎవరిదో రాసిన కాగితం ఆసుపత్రి బీరువాలోనే ఉండాలి.

మేనేజ్‌మెంట్ గురించి మరీ భయపడకండి. వాళ్ల భయం ఒక్కటే, మన ఆసుపత్రి పేరుతో చెడ్డ అంకెలు బయటికి పోతాయేమోనని. లెటర్‌లోనే రాసేయండి: రిపోర్టులో ఆసుపత్రి పేరు ఉండదు, ఫలితాలు ముందు మీకే చూపిస్తాను, కానీ వచ్చిన అంకెలు మార్చను. ఈ మూడోది మొదట్లోనే కాగితం మీద ఉంటే చివర్లో గొడవ ఉండదు. దరఖాస్తుతో నేరుగా సూపరింటెండెంట్ గారి దగ్గరికి వెళ్లకుండా ముందు ఇన్‌చార్జ్ సిస్టర్‌తో కూర్చోండి. 'అక్కా, మన యూనిట్‌లో మీకు బాగా చిరాకు తెప్పించే సమస్య ఏంటి?' అని అడగండి. ఆవిడ బరువు గురించి కాకుండా, మధ్యలో బీపీ పడిపోవడం గురించో సెషన్లు ఎగ్గొట్టేవాళ్ల గురించో చెప్తే, నేను పైన రాసిందంతా పక్కన పెట్టి ఆవిడ చెప్పింది తీసుకోండి. పద్ధతి ఇదే, రోజూ వాడేది ఆవిడే కాబట్టి.

గైడ్ మేడమ్‌తో వాదన పెట్టుకోవద్దు. 'మేడమ్, మీరు చెప్పిన అవగాహన ప్రశ్నలు కూడా కొన్ని పెడతాను, కానీ అసలు ఫలితంగా బరువు తీసుకుంటాను, రిజిస్టర్‌లో ఆల్రెడీ ఉంది కాబట్టి డేటా దొరకదేమో అన్న భయం లేదు' అని చెప్పి చూడండి. డేటా గ్యారంటీ అంటే ఏ గైడూ కాదనరు. కిందటేడు మూడు నెలల రిజిస్టర్ నుంచి గీసిన ఒక గ్రాఫ్ చేతిలో ఉంటే మాట ఇంకా తేలిక, కానీ ఆ గ్రాఫ్‌కి కూడా ఇన్‌చార్జ్ సిస్టర్ అనుమతి తీసుకోండి, పేర్లు ఎక్కడా ఉండకూడదు.

ఒకవేళ ఉప్పు డబ్బా పద్ధతి పెట్టాక కూడా బరువులు తగ్గకపోతే అలాగే రాయండి. ఎన్ని ఇళ్లలో డబ్బా వాడారు, ఎన్ని ఇళ్లలో రెండో వారానికే ఆపేశారు, ఎందుకు ఆపేశారు అన్నది రాసి ఉంటే ఆ ప్రాజెక్టుకి మంచి మార్కులే వస్తాయి, తర్వాత ఆ యూనిట్‌లో చేరే నర్సుకి కూడా అదే పనికొస్తుంది.

ఇన్‌చార్జ్ సిస్టర్‌తో మాట్లాడాక ఆవిడ ఏమన్నారో, మీ యూనిట్‌లో వారానికి రెండుసార్లు వచ్చేవాళ్లు ఎంతమంది, మూడుసార్లు వచ్చేవాళ్లు ఎంతమంది అన్నది ఇక్కడే రాయండి. రెండు రకాలూ కలిసి ఉంటే గ్యాప్ వేరు కాబట్టి చార్ట్‌లు విడివిడిగా గీయాలి, అది ఎలాగో అప్పుడు చెప్తాను.